ఉత్తరంలో మొత్తం వేరు, కట్టాల్సింది వేరు

అమెరికా కాలేజీ తన దగ్గర సీటు వచ్చిన విద్యార్థికి పంపే ఆర్థిక సాయం ఉత్తరంలో నాలుగు రకాల డబ్బు కలిసి ఉంటుంది. తిరిగి కట్టక్కర్లేనిది ఒకటి, పనిచేసి సంపాదించుకోవాల్సినది ఒకటి, విద్యార్థి పేరున అప్పు ఒకటి, తల్లిదండ్రుల పేరున అప్పు ఒకటి. వీటన్నిటినీ ఒకే వరసలో రాసి, కూడి, ఆ కూడికనే సాయంగా చూపించే అలవాటు చాలా కాలేజీలకు ఉంది. ఉత్తరాలు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎక్కువగా వస్తాయి. చేరుతున్నదీ లేనిదీ చాలా చోట్ల మే 1లోగా తేల్చి చెప్పాలి. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఉన్న తెలుగు ఇంట్లో హైస్కూలు ముగిస్తున్న పిల్లలుంటే ఆ కొద్ది వారాల్లోనే నాలుగేళ్ల లెక్క తేలాలి. జీవితంలో ఇల్లు తర్వాత అంత పెద్ద ఖర్చుకు సంతకం పెట్టించే కాగితం ఇది. దాన్ని చదివే తీరు తెలిసి ఉండాలి. అందులోని అంకె తుదిమాట కాదని, తిరిగి చూడమని అడిగే దారి చట్టంలోనే ఉందని కూడా తెలిసి ఉండాలి.

వరసలు చదివే తీరు

ఉదాహరణకు ఒక ప్రైవేటు కాలేజీ ఉత్తరం తీసుకుందాం. అంకెలు ఊహించినవే అయినా ఇలాంటి కూర్పు మామూలుగా కనిపించేదే. ఏడాది ఖర్చు 84,000 డాలర్లు. దాని కింద కాలేజీ గ్రాంట్ 38,000, సబ్సిడైజ్డ్ లోన్ 3,500, అన్‌సబ్సిడైజ్డ్ లోన్ 2,000, వర్క్-స్టడీ 2,500, పేరెంట్ ప్లస్ 15,000. మొత్తం సాయం 61,000. మీరు కట్టాల్సింది 23,000.

ఈ చివరి అంకె నిజం కాదు. 84,000లోంచి తీసివేయదగినది 38,000 ఒక్కటే. మిగిలిన 46,000 ఈ రోజు కాకపోతే రేపు, వడ్డీతోనో చెమటతోనో, ఆ కుటుంబమే కట్టాలి. దీన్నే నికర ధర అంటారు. ఉత్తరం చూపిన 23,000కు ఇది సరిగ్గా రెట్టింపు. ధరలు పెరగకపోయినా నాలుగేళ్లకు 1,84,000 డాలర్లు. నిజానికి ధరలు దాదాపు ఏటా పెరుగుతాయి.

మొదటి వరస నుంచే ప్రశ్నలు మొదలవ్వాలి. ఖర్చు అంటూ కాలేజీ వేసిన అంకెలో రెండు భాగాలుంటాయి. ట్యూషన్, ఫీజులు, హాస్టల్ గది, భోజనం కాలేజీ బిల్లులోనే వస్తాయి. పుస్తకాలు, రానుపోను ప్రయాణాలు, చేతి ఖర్చులు బిల్లులో రావు, కాలేజీ వేసిన అంచనా మాత్రమే. కొన్ని ఉత్తరాలు ఈ రెండో భాగాన్ని పూర్తిగా వదిలేస్తాయి. అప్పుడు ఆ కాలేజీ పక్కదానికంటే చౌకగా కనిపిస్తుంది. బిల్లులో విద్యార్థి ఆరోగ్య బీమా కూడా చేరిపోయి ఉండవచ్చు. తల్లిదండ్రుల బీమా కింద పిల్లలకు రక్షణ ఉంటే చాలా కాలేజీల్లో దాన్ని తీసేయించుకునే వీలుంది. అడగకపోతే మాత్రం అది బిల్లులో ఉండిపోతుంది.

గ్రాంట్ వరసలో తెలుసుకోవాల్సింది అది నాలుగేళ్లూ వస్తుందా అన్నది. ప్రతిభ చూసి ఇచ్చే స్కాలర్‌షిప్ చాలాచోట్ల ఒకే మొత్తంగా స్థిరపడిపోతుంది, ఫీజు మాత్రం పెరుగుతూ పోతుంది. ఇంత జీపీఏ తగ్గకూడదన్న షరతూ ఉంటుంది. ఇంజినీరింగ్ మొదటి ఏడాది ఆ షరతు నిలబెట్టుకోవడం తేలిక కాదు. అవసరాన్ని బట్టి ఇచ్చే గ్రాంట్‌కు ఏటా కొత్తగా దరఖాస్తు పెట్టాలి, ఏటా కొత్తగా లెక్క వేస్తారు. మొదటి ఏడాది ఎక్కువిచ్చి తర్వాత తగ్గించే కాలేజీలూ ఉన్నాయి. ‘రెండో ఏడాది విద్యార్థులకు మీ సగటు గ్రాంట్ ఎంత?’ అని నేరుగా అడిగితే ఆ సంగతి బయటపడుతుంది.

విద్యార్థి పేరున వచ్చే రెండు అప్పుల్లో తేడా వడ్డీలో ఉంది. సబ్సిడైజ్డ్ అప్పుకు చదువు సాగుతున్నంత కాలం వడ్డీ ప్రభుత్వం భరిస్తుంది. అన్‌సబ్సిడైజ్డ్ అప్పుకు డబ్బు విడుదలైన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, తర్వాత ఏడాదికి 7,500, మొత్తం మీద 31,000 డాలర్లు దాటకుండా ఈ అప్పు దొరుకుతుంది. వడ్డీ రేటు 2025-26కు 6.39 శాతం. అర్హత ఉన్న విద్యార్థికి దాదాపు ఏ కాలేజీలో చేరినా దొరికే ప్రభుత్వ అప్పు ఇది. దీన్ని తన ఉత్తరంలో సాయంగా రాసుకోవడంలో కాలేజీ ఉదారత ఏమీ లేదు.

వర్క్-స్టడీ అంటే క్యాంపస్‌లో గంటల లెక్కన పనిచేస్తే వచ్చే జీతం. పని వెతుక్కోవాలి, దొరకాలి, చేయాలి. ఆ డబ్బు సెమిస్టర్ మొదట్లో కట్టే బిల్లుకు అక్కరకు రాదు. అది విద్యార్థికి మంచి అవకాశమే, కానీ బిల్లులోంచి తీసివేయదగిన అంకె కాదు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది పేరెంట్ ప్లస్. ఇది తల్లికో తండ్రికో ఇచ్చే అప్పు. పాత అప్పుల ఎగవేతలేమైనా ఉన్నాయా అని చూస్తారు తప్ప, తీర్చే స్తోమత ఉందా అని చూడరు. 2025-26కు వడ్డీ 8.94 శాతం. పైగా 4.228 శాతం రుసుము ముందే పట్టుకుంటారు. పై ఉదాహరణలోని 15,000లో సుమారు 634 డాలర్లు చేతికి రాకుండానే పోతాయి, వడ్డీ మాత్రం మొత్తం 15,000 మీదా పడుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 190 డాలర్లు, అదీ ఒక్క ఏడాది అప్పుకు. నాలుగేళ్లూ తీసుకుంటే నాలుగింతలు. 2025 జులై 4న సంతకమైన చట్టం ఈ అప్పుకు హద్దు పెట్టింది. 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవారికి ఒక్కో బిడ్డ చదువు మీద ఏడాదికి 20,000, మొత్తం 65,000 డాలర్లు మించి ఇవ్వరు. అంతవరకు సాయం పోను మిగిలిన ఖర్చంతా ఈ అప్పుగా తీసుకునే వీలుండేది. ఇంత బరువైన అప్పును కుటుంబం అడగకముందే ఉత్తరంలో రాసి, దానితో లోటు పూడ్చినట్టు చూపడం తప్పు. మర్యాదగా చెప్పాలన్నా ఇంతకంటే మెత్తని మాట దొరకదు.

ఇలాంటి కూర్పు ఏ ఒక్క కాలేజీదో కాదు. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం (జీఏఓ) 2022లో 176 కాలేజీల ఉత్తరాలను పరిశీలించింది. నికర ధరను అసలు చెప్పనివి, ఉన్నదానికంటే తక్కువగా చూపేవి కలిపి దేశంలో 91 శాతం కాలేజీలు ఉంటాయని అంచనా కట్టింది. ఉత్తరం ఎలా రాయాలో నిపుణులు సూచించిన పది పద్ధతులనూ పాటించిన కాలేజీ ఒక్కటీ దొరకలేదు. అంతకుముందు 2018లో న్యూ అమెరికా, యూఆస్పైర్ సంస్థలు వేల ఉత్తరాలను వడబోశాయి. ఒకే ఒక్క అన్‌సబ్సిడైజ్డ్ అప్పుకు 136 రకాల పేర్లు కనిపించాయి. వాటిలో 24 పేర్లలో ‘లోన్’ అన్న మాటే లేదు. బయటి దేశంలో పెరిగి, అమెరికా చదువుల పద్ధతి ఎరగని తల్లిదండ్రులు ఆ వరసను స్కాలర్‌షిప్ అనుకుంటే తప్పు వాళ్లది కాదు. ఉత్తరాలన్నీ ఒకే నమూనాలో ఉండాలన్న బిల్లులు అమెరికా కాంగ్రెస్ ముందుకు పలుమార్లు వచ్చినా చట్టం కాలేదు. 2012 నుంచి ప్రభుత్వ నమూనా ఒకటి ఉంది. దాన్ని వాడాలా వద్దా అన్నది చాలావరకు కాలేజీల ఇష్టం.

ఇదంతా ఎప్పటి నుంచి

1643లో ఆన్ రాడ్‌క్లిఫ్ (లేడీ మౌల్సన్) పేద విద్యార్థుల కోసం హార్వర్డ్‌కు 100 పౌండ్లు ఇవ్వడంతో అమెరికాలో కాలేజీ స్కాలర్‌షిప్ మొదలైంది. స్పుత్నిక్ ఎగిరిన మరుసటి ఏడాది, 1958లో, విద్యార్థులకు ప్రభుత్వ అప్పులు వచ్చాయి. 1965లో లిండన్ జాన్సన్ ఉన్నత విద్యా చట్టం మీద తాను చదివిన టెక్సాస్ కాలేజీలోనే సంతకం చేశాడు. 1972లో పుట్టిన పేద విద్యార్థుల గ్రాంట్‌కు 1980లో సెనేటర్ క్లైబోర్న్ పెల్ పేరు పెట్టారు. 1992 చట్టంతో ప్రభుత్వ సాయానికి ఫాఫ్సా అనే ఉమ్మడి దరఖాస్తు వచ్చింది. 2020లో దాన్ని సులభం చేయాలని చట్టం చేస్తే, ఆ కొత్త ఫారం 2023 డిసెంబర్ ఆఖరుకు గానీ రాలేదు. వచ్చాక కూడా లోపాలతో ఆ ఏడాది విద్యార్థులను ముప్పుతిప్పలు పెట్టింది.

ఆ అంకె ఎలా పుట్టింది

సాయం తిరిగి చూడమని అప్పీలు చేయాలంటే ముందు లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. ఫాఫ్సాలో కుటుంబం ఇచ్చిన ఆదాయం, ఆస్తుల వివరాలను ఒక సూత్రంలో వేసి ‘స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్’ అనే సంఖ్య తీస్తారు. అది మైనస్ 1,500 దాకా దిగగలదు. ఎంత తక్కువైతే అంత ఎక్కువ అవసరం ఉన్నట్టు. 2025-26లో గరిష్ఠంగా 7,395 డాలర్ల పెల్ గ్రాంట్ ఎవరికి వస్తుందో తేల్చేది ప్రధానంగా ఈ సంఖ్యే. సొంత నిధులు దండిగా ఉన్న ప్రైవేటు కాలేజీలు చాలావరకు దీనితో తృప్తిపడవు. సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే మరో దరఖాస్తు అడుగుతాయి. అది నివసించే ఇంటి విలువనూ, చాలాచోట్ల విడిపోయిన తల్లి లేదా తండ్రి ఆదాయాన్నీ కూడా తవ్వుతుంది.

ఫాఫ్సాలో ఉంటున్న ఇల్లు, 401కే వంటి రిటైర్మెంట్ నిధులు లెక్కలోకి రావు. తెలుగు కుటుంబాలు తడబడేది ఇండియా ఆస్తుల దగ్గర. హైదరాబాద్‌లో కొన్న ఫ్లాట్, మంగళగిరి దగ్గరి ప్లాటు, బ్యాంకులో ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్లు అన్నీ చూపాల్సినవే. విలువ అంటే రిజిస్ట్రేషన్ కాగితంలో రాసింది కాదు, దరఖాస్తు వేసే నాటి మార్కెట్ ధరలోంచి దాని మీది అప్పు తీసేయగా మిగిలింది. దాన్ని ఆ రోజు మారకం రేటుతో డాలర్లలోకి మార్చాలి. ఉమ్మడి ఆస్తి అయితే తమ వాటా ఒక్కటే రాయాలి. యాజమాన్యం మీద వివాదం నడుస్తున్న ఆస్తిని ఆ వివాదం తేలేదాకా రాయనక్కర్లేదు. 2026-27 నుంచి కుటుంబం నివసిస్తూ సాగుచేసుకునే పొలానికి, చిన్న వ్యాపారానికి మినహాయింపు తిరిగి వచ్చింది. గ్యాస్ స్టేషనో మోటెలో నడుపుకునే వారికి ఇది ఊరట. కృష్ణా జిల్లాలో కౌలుకిచ్చిన పొలానికి మాత్రం వర్తించదు, కుటుంబం అక్కడ ఉండటం లేదు కాబట్టి. తల్లిదండ్రుల ఆస్తి ఎంత ఉన్నా అందులో 5.64 శాతం మించి ఈ సూత్రం లెక్కగట్టదు. దాచినదాని వల్ల కలిగే లాభం చిన్నది. బయటపడితే పోయేది పరువూ సాయమూ రెండూ.

ఈ సూత్రానికి పెద్ద లోపం ఒకటుంది. అది రెండేళ్ల వెనక్కి చూస్తుంది. 2026 ఆగస్టులో చేరే విద్యార్థికి 2024 టాక్స్ రిటర్న్ ఆధారం. 2025లో తండ్రికి లేఆఫ్ అయితే ఆ సంగతి సూత్రానికి తెలియదు. పైగా ఇంట్లో ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉంటే మునుపు తల్లిదండ్రుల వాటాను ఇద్దరికీ పంచేవారు. 2024-25 నుంచి ఆ పంపకం ఎత్తేశారు. కవలలున్న ఇళ్ల మీద ఇది పిడుగుపాటే.

అప్పీలు ఎవరు, ఎందుకు, ఎలా

ఉన్నత విద్యా చట్టంలోని 479ఎ సెక్షన్ కాలేజీ ఆర్థిక సాయం అధికారికి ఒక విచక్షణాధికారం ఇచ్చింది. కుటుంబానికి ప్రత్యేక పరిస్థితి ఉందని పత్రాలతో తేలితే ఫాఫ్సాలోని ఆదాయాన్నో ఖర్చునో ఆ విద్యార్థి మేరకు మార్చి లెక్క మళ్లీ వేయవచ్చు. సూత్రాన్ని మార్చే హక్కు లేదు, సూత్రంలో వేసే అంకెలను మార్చే హక్కుంది. ఇలా అడగవచ్చన్న సంగతిని కాలేజీలు బహిరంగంగా తెలియజేయాలి. వచ్చిన అప్పీళ్లన్నీ తోసిపుచ్చడమే తమ విధానమని ఏ కాలేజీ పెట్టుకోకూడదు. కానీ ఆ అధికారి తీర్పే తుది తీర్పు, దాని మీద విద్యాశాఖకు వెళ్లే వీల్లేదు. అందుకే మొదటి అప్పీలు ఉత్తరమే సరిగ్గా రాయాలి.

ఏవి కారణాలవుతాయి? ఉద్యోగం పోవడం, ఆదాయం పడిపోవడం, బీమా చెల్లించని వైద్య ఖర్చులు, ఇంట్లో తీవ్ర వైకల్యం ఉన్నవారి సంరక్షణ, మరో బిడ్డ కూడా కాలేజీలో ఉండటం, చిన్న పిల్లల బడి ఫీజు, ఒక్క ఏడాదికే పరిమితమైన ఆదాయం. చివరిది తెలుగు ఇళ్లలో ఎదురయ్యే సందర్భమే. 2024లో ఊళ్లో ప్లాటు అమ్మితే వచ్చిన లాభం ఆ ఏడాది అమెరికా టాక్స్ రిటర్న్‌లో ఆదాయంగా చేరుతుంది. ఏటా అంత సంపాదిస్తున్నట్టు సూత్రం భ్రమపడుతుంది. సేల్ డీడ్, బ్యాంకు బదిలీ పత్రాలు, ముందువెనుక ఏళ్ల రిటర్న్‌లు జతచేసి ఆ లాభం మళ్లీ రానిదని చూపవచ్చు. పత్రం తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం కూడా పెట్టాలి.

ఊళ్లో తల్లిదండ్రులకు పంపే డబ్బు మరో సంగతి. ఇండియాలో ఉండే అమ్మానాన్నలను అమెరికా పన్ను చట్టం మామూలుగా ఆధారపడినవారిగా ఒప్పుకోదు కాబట్టి సూత్రం ఆ ఖర్చును చూడదు. నాన్నకు బైపాస్ చేయించిన ఆస్పత్రి బిల్లు, పంపిన డబ్బు రసీదులు ఉంటే అప్పీలులో పెట్టడంలో తప్పు లేదు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఆ కాలేజీ చేతిలో ఉంది. కారు వాయిదాలు, క్రెడిట్ కార్డు బాకీలు, విహారయాత్రలు, మతపరమైన చందాలు మాత్రం కారణాలుగా నిలవవు.

ఉత్తరం ఒక పేజీ చాలు. ‘మా అమ్మాయి చాలా కష్టపడి చదివింది, మీ కాలేజీ అంటే ప్రాణం, ఇంత ఫీజు మేం కట్టలేం, దయచూపండి’ అన్న ఉత్తరంలో అధికారి చేతికి ఆధారమేదీ దొరకదు. ‘2024లో ఇంటి ఆదాయం 1,65,000 డాలర్లు. తండ్రి ఉద్యోగం 2025 అక్టోబర్‌లో పోయింది. నిరుద్యోగ భృతి, తల్లి జీతం కలిపి 2026లో రాబోయేది సుమారు 70,000. తొలగింపు ఉత్తరం, చివరి పే స్టబ్, సెవరెన్స్ వివరం, భృతి మంజూరు పత్రం జతచేశాం. మేం ఏడాదికి 24,000 కట్టగలం, మిగతా లోటుకు గ్రాంట్ పెంచగలరేమో పరిశీలించండి’ అంటే అందులో మళ్లీ లెక్క వేయడానికి కావలసినవన్నీ ఉన్నాయి. సెవరెన్స్ దాచకూడదు, అది ఎలాగూ డబ్ల్యూ-2లో కనిపిస్తుంది. ఉత్తరం పంపేముందు కాలేజీకి సొంత అప్పీలు ఫారం ఉందేమో చూడాలి. మే 1 దగ్గర పడితే గడువు పొడిగించమని రాతపూర్వకంగా కోరవచ్చు.

అడిగితే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకుంటారేమోనన్న భయంతో ఆగిపోకూడదు. ప్రవేశం ఇవ్వడం ఒక విభాగం పని, సాయం లెక్క మరో విభాగం పని. అప్పీలు పెట్టినందుకు సీటు తీసేయరు. డబ్బు సంగతి బయటివారితో మాట్లాడటం చిన్నతనమనుకునే పెంపకం మనది. ఆ మొహమాటానికి ఇక్కడ చెల్లించే మూల్యం చాలా పెద్దది.

మరో కాలేజీ ఎక్కువిచ్చిందని చూపి అడగడం వేరే దారి, అది చట్టం కిందికి రాదు. అది కాలేజీ సొంత డబ్బుకు సంబంధించిన విషయం. ప్రైవేటు కాలేజీలు మొదటి ఏడాది విద్యార్థులకు ఇచ్చే తగ్గింపు సగటున ట్యూషన్‌లో సగం దాటింది. విద్యార్థుల కోసం పోటీపడే ఇలాంటి కాలేజీల దగ్గర, సమాన స్థాయి కాలేజీ ఉత్తరం ప్రతి జతచేసి మర్యాదగా అడిగితే స్కాలర్‌షిప్ పెరిగే అవకాశం ఉంది. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు ప్రతిభకు స్కాలర్‌షిప్‌లే ఇవ్వవు. అక్కడ అవసరాన్ని గురించే మాట్లాడాలి. రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో సొంత నిధులు తక్కువ, అప్పీలు నెగ్గినా చేతికి వచ్చేది కొంచెమే కావచ్చు. ఆదాయం బాగా ఉన్న ఇంటి లెక్క కొంత తగ్గినా పెల్ గ్రాంట్ హద్దులోకి రాకపోవచ్చు. అలాంటప్పుడు కాలేజీ సొంత గ్రాంట్ కదులుతుందా అన్నదే అసలు ప్రశ్న.

వీసా మీద ఉన్న పిల్లలు

అమెరికాలో పుట్టిన బిడ్డ ఆ దేశ పౌరుడే. తల్లిదండ్రులు హెచ్-1బీ మీద ఉన్నా ఆ బిడ్డ ఫాఫ్సా నింపి ప్రభుత్వ సాయం కోరవచ్చు. పేరెంట్ ప్లస్ తీసుకోవాలంటే మాత్రం ఆ తల్లి లేదా తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. అది లేదన్న కారణం చూపి, విద్యార్థి పేరున అదనపు అన్‌సబ్సిడైజ్డ్ అప్పు ఇవ్వమని కాలేజీని కోరే వీలుంది. చిన్నప్పుడే ఇండియా నుంచి వచ్చి హెచ్-4 అనే ఆధారిత వీసా మీద పెరిగిన పిల్లల స్థితి దీనికి పూర్తిగా భిన్నం. ఒకటో తరగతి నుంచి అక్కడే చదివినా పెల్ గ్రాంట్ లేదు, ప్రభుత్వ అప్పు లేదు. 21 ఏళ్లు నిండితే ఆ వీసా కూడా చెల్లదు. గ్రీన్‌కార్డు వరసలో ఏళ్లకేళ్లు నిలబడ్డ తెలుగు కుటుంబాల్లో అక్క హెచ్-4, తమ్ముడు పౌరుడు అయిన ఇళ్లున్నాయి. ఒకే ఇంటి ఆదాయానికి రెండు రకాల న్యాయం జరగడం విచారకరం. ఈ పిల్లలకు దారి కాలేజీల సొంత నిధులు, కొన్ని రాష్ట్రాల నిబంధనలు.

ఇక్కడి నుంచి వెళ్లేవారు

హైదరాబాద్, విజయవాడల నుంచి ఎఫ్-1 వీసా మీద వెళ్లే విద్యార్థికి అమెరికా ప్రభుత్వ సాయం రాదు. డిగ్రీకి వెళ్లే విదేశీ విద్యార్థి స్తోమతను ప్రవేశం దగ్గర పట్టించుకోకుండా, పూర్తి అవసరం తీర్చే కాలేజీలు కొద్దే. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్, బ్రౌన్ వాటిలోవి. మిగిలిన చాలా కాలేజీల్లో సాయం అడిగితే ప్రవేశం మీద ఆ ప్రభావం పడుతుంది. దరఖాస్తులో అడగకుండా చేరాక అడిగితే చాలాచోట్ల ఒప్పుకోరు. ఎంఎస్‌కు వెళ్లేవారి సాయం ఎక్కువగా విభాగం ఇచ్చే అసిస్టెంట్‌షిప్‌లు, ట్యూషన్ మినహాయింపుల రూపంలో ఉంటుంది. అడగాల్సింది అక్కడి ప్రొఫెసర్లనూ విభాగాన్నీ.

సంఘం స్కాలర్‌షిప్ వస్తే

తెలుగు సంఘమో, కంపెనీయో, స్థానిక క్లబ్బో ఇచ్చిన స్కాలర్‌షిప్‌ను కాలేజీకి తెలియజేయాలి. తెలిశాక కాలేజీ తన గ్రాంట్‌లో అంత మేర కోత పెడితే కుటుంబానికి మిగిలేది ఏమీ ఉండదు. కొన్ని కాలేజీలు ముందు అప్పు, వర్క్-స్టడీ వరసల్లోంచి తగ్గిస్తాయి, ఆ పద్ధతి విద్యార్థికి మేలు. ప్రభుత్వ కాలేజీల్లో ఇలాంటి కోతను మేరీలాండ్ 2017లో, మిగతా రాష్ట్రాలకంటే ముందు, చట్టంతో కట్టడి చేసింది. కాలేజీ పద్ధతి ఏమిటో చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. కోత తప్పదంటే, గ్రాంట్ బదులు అప్పు తగ్గించమని అడగవచ్చు. స్కాలర్‌షిప్ ఇచ్చే సంఘం ఒప్పుకుంటే దాన్ని రెండు విద్యాసంవత్సరాలకు పంచి ఇవ్వమని కూడా కోరవచ్చు.